నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఒక పని ట్యాబులు ఇంకో పనితో కలిసిపోకుండా ఏం చేయాలి?

పగలు ఆఫీసు ఫైళ్లు, రాత్రి సొంత రాతపని, రెండూ నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే ఒకే టెక్స్ట్ ఎడిటర్‌లో చేస్తున్నానని, ట్యాబులన్నీ కలగాపులగం అయిపోయి పని మారినప్పుడల్లా ఫైళ్లు వెతుక్కోవాల్సి వస్తోందని అడిగారు. నాదీ ఇదే పరిస్థితి అండి. ఉద్యోగంలో లాగ్ ఫైళ్లు, కాన్ఫిగరేషన్ ఫైళ్లు చూస్తాను. ఇంటికొచ్చాక తెలుగు వికీసోర్స్ అనే ఆన్‌లైన్ ఉచిత గ్రంథాలయం కోసం పాత పుస్తకాల పేజీలు దిద్దుతాను. చాలాకాలంగా రెండింటినీ వేర్వేరు సెషన్లుగా, అంటే ఏ పనికి ఏ ఫైళ్లు తెరవాలో రాసి ఉంచే జాబితాలుగా, పెట్టుకుంటున్నాను. విడిగా తగిలించుకునే ప్లగిన్ ఏదీ అక్కర్లేదు.

ఒక పనికి కావాల్సిన ఫైళ్లు మాత్రమే తెరిచి ఉంచండి. ఫైల్ మెనూలో సేవ్ సెషన్ నొక్కి, ఆ పని పేరు పెట్టండి. రెండో పనికీ అలాగే చేయండి. తర్వాత లోడ్ సెషన్‌తో ఏది కావాలంటే అది తెరుచుకోవచ్చు. ఏ ఫైళ్లు తెరిచి ఉన్నాయి, కర్సర్ ఏ వరుసలో ఉంది, విండోను రెండుగా చీల్చి ఉంటే ఏ ఫైలు కుడి పక్క భాగంలో ఉంది, ఏ వరుసల దగ్గర గుర్తుగా బుక్‌మార్కులు పెట్టారు, ఇవన్నీ అందులో ఉంటాయి. నాకు అన్నిటికంటే పనికొచ్చేవి బుక్‌మార్కులే. అనుమానం వచ్చిన పదం దగ్గర కంట్రోల్ ఎఫ్2 కొట్టి వదిలేస్తాను. మర్నాడు సెషన్ తెరిచి ఎఫ్2 నొక్కుతూ పోతే నిన్న ఆగిన చోట్లన్నీ వరసగా వస్తాయి.

అయితే మామూలు సెట్టింగుల్లో లోడ్ సెషన్ నొక్కితే ఉన్న ట్యాబులు మూసుకోవు, కొత్తవి వాటి పక్కనే చేరతాయి. మీ ఫైళ్లు కలిసిపోవడానికి కారణం బహుశా ఇదే. దీనికి మందు సెట్టింగ్స్‌లోని ప్రిఫరెన్సెస్‌లో ఉంది. అక్కడ మల్టీ ఇన్‌స్టెన్స్ పేజీలో, సెషన్‌ను కొత్త విండోలో తెరిచి, మూసేటప్పుడు దానంతటదే సేవ్ చేసే ఆప్షన్ ఎంచుకోండి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌ను ఒకసారి మూసి తెరవండి. ఇక ఒక్కో పనికి ఒక్కో విండో. ఆల్ట్ ట్యాబ్‌తో అటూ ఇటూ మారొచ్చు. మధ్యలో కొత్త ఫైలు తెరిచినా, పాతది మూసినా, విండో మూసేసరికి ఆ మార్పు సెషన్‌లోకి ఎక్కుతుంది. ఈ ఆప్షన్ పెట్టకపోతే మాత్రం ప్రతిసారీ మీరే అదే పేరు మీద మళ్లీ సేవ్ సెషన్ కొట్టాలి.

ఇక్కడ రెండు విషయాలు బాగా గుర్తుంచుకోండి, ఎందుకంటే పోయేది మీరు రాసుకున్న మాటలే. సెషన్ ఫైలులో ఉండేవి ఫైళ్ల చిరునామాలు, పైన చెప్పిన గుర్తులు మాత్రమే, లోపలి రాత కాదు. పేరు పెట్టకుండా ‘న్యూ 1’, ‘న్యూ 2’ అని వదిలేసిన ట్యాబులు మీరు సేవ్ చేసిన సెషన్‌లోకి రావు. మామూలుగా ఎడిటర్ మూసి తెరిస్తే అవి మళ్లీ కనిపిస్తాయి కదా అంటారేమో. అది బ్యాకప్ పేజీలోని స్నాప్‌షాట్ అనే వేరే ఏర్పాటు. మొదట్నుంచీ ఉన్న సెట్టింగ్ ప్రకారం 7 సెకన్లకోసారి సేవ్ చేయని రాతను పక్కన దాస్తుంది. సెషన్ కోసం తెరిచిన ఆ కొత్త విండోలో ఈ స్నాప్‌షాట్ పనిచేయదు. కరెంటు పోయిందంటే అందులో సేవ్ చేయని రాత పోయినట్టే. అందుకే ఆ విండోలో ట్యాబ్ తెరవగానే పేరు పెట్టేయండి, పేరా పూర్తయినప్పుడల్లా కంట్రోల్ షిఫ్ట్ ఎస్ కొట్టండి. తెరిచి ఉన్నవన్నీ ఒకేసారి సేవ్ అవుతాయి.

ఫోల్డర్‌లోని ఫైళ్లన్నిటినీ పక్కన చూపించే ఫోల్డర్ యాజ్ వర్క్‌స్పేస్ ప్యానెల్ వాడేవాళ్లైతే, సేవ్ సెషన్ విండోలోనే దాన్నీ కలిపి దాచమని టిక్ పెట్టే చోటు ఉంటుంది.

ఇంకో సౌకర్యం. ప్రిఫరెన్సెస్‌లోనే సెషన్ ఫైళ్లకు మీకు నచ్చిన ఎక్స్‌టెన్షన్ (ఫైలు పేరు చివర చుక్క తర్వాత వచ్చే అక్షరాలు) పెట్టుకోవచ్చు. ఆ ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైళ్లను నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌తోనే తెరవమని విండోస్‌కు చెప్పండి. నా డెస్క్‌టాప్ మీద ‘ఆఫీసు’, ‘వికీసోర్స్’ అని రెండే ఫైళ్లు ఉంటాయి. డబుల్ క్లిక్ చేస్తే ఆ పని మొత్తం దాని విండోలో వచ్చేస్తుంది, మెనూల జోలికి పోనక్కర్లేదు.

మీరు ల్యాప్‌టాప్ మారుస్తున్నానని కూడా రాశారు. సెషన్‌లో ప్రతి ఫైలుకూ డ్రైవ్ అక్షరంతో సహా పూర్తి దారి రాసి ఉంటుంది. పాత మెషిన్‌లో డి డ్రైవ్‌లో ఉన్నవి కొత్తదాంట్లో సి డ్రైవ్‌లోకి వెళ్తే సెషన్‌కు అవి దొరకవు. కంగారు పడకండి. సెషన్ ఫైలు మామూలు ఎక్స్ఎంఎల్ ఫైలే, అంటే చదివి దిద్దగలిగే టెక్స్టే. విండోస్‌తో వచ్చే సాదా నోట్‌ప్యాడ్‌లో దాన్ని తెరిచి, పాత దారి బదులు కొత్త దారి రీప్లేస్ ఆల్ కొట్టి సేవ్ చేయండి. ముందు ఒక కాపీ మాత్రం తీసి పెట్టుకోండి.