పిల్లల కోసం చూస్తున్నాం, ఆకుకూరలు తింటుంటే ఫోలిక్ యాసిడ్ మాత్ర అక్కర్లేదా?

కావలి నుంచి అడిగిన చెల్లెమ్మా, మీవి రెండు ప్రశ్నలు. రోజూ ఆకుకూర తింటున్నాను కాబట్టి నెల తప్పాక మాత్ర మొదలుపెడితే చాలదా? మందుల షాపులో 5 మి.గ్రా. ఇచ్చారు, అదే వేసుకోవాలా? మొదటిదానికి చాలదు, రెండోదానికి మామూలుగా అయితే అక్కర్లేదు.

బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుంటుంది. నెలసరి రావాల్సిన రోజుకే అందులో ఇంచుమించు 14 రోజులు గడిచిపోతాయి. "ఇంకో వారం చూద్దాంలే" అని ఆగి, పరీక్ష చేసుకుని, ఆశా కార్యకర్త దగ్గర పేరు రాయించుకునేసరికి మిగతా రోజులూ అయిపోతాయి. అది సరిగా మూసుకోకపోతే వెన్ను మీద తిత్తితో పుట్టడమో, తల పైభాగం ఏర్పడకపోవడమో జరుగుతుంది. ఆ తర్వాత ఎన్ని మాత్రలు మింగినా అది పూడదు. అందుకే కనీసం నెల ముందు, వీలైతే రెండు మూడు నెలల ముందే రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టి మూడో నెల నిండేదాకా వేసుకోండి. నాలుగో నెల నుంచి గవర్నమెంటు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మి.గ్రా. ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. దాన్ని టీ, కాఫీ, పాలతో మాత్రం వేసుకోకండి.

5 మి.గ్రా. అంటే 5,000 మైక్రోగ్రాములు, మీకు కావాల్సినదానికి పన్నెండు రెట్లు పైనే. ముందు కాన్పులో ఇలాంటి లోపం వచ్చినవాళ్లకు, ఫిట్స్ మందులు వాడేవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు డాక్టర్లు రాసే మోతాదు అది. షాపుల్లో సులువుగా దొరికేది అదే కాబట్టి అదే చేతిలో పెడతారు. చీటీ మీద 'మి.గ్రా.' ఉందా, 'మైక్రో' ఉందా చూసుకోండి. మీరు గుడ్డు, చేప ముట్టనివాళ్లయితే విటమిన్ బి12 పరీక్ష కూడా చేయించుకోండి. బి12 తక్కువగా ఉన్న మనిషికి ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. అరికాళ్ల తిమ్మిర్లు దానికి గుర్తు.

ఇక తిండి. ఫోలిక్ యాసిడ్ తిండిలో ఉండే రూపాన్ని ఫోలేట్ అంటారు. అది నీళ్లలో కరుగుతుంది, వేడికి పోతుంది. పాలకూర 100 గ్రాముల్లో పచ్చిగా 150 మైక్రోగ్రాముల చుట్టుపక్కల ఉన్నా, ఉడికించి నీళ్లు వంపేస్తే చాలాభాగం తూములోకే. కోసే ముందే కడగండి, ఉడికిన నీళ్లు వంపకుండా పప్పులోనే ఇగరనివ్వండి. గోంగూరను నూనెలో అంతసేపు మగ్గబెట్టాక పచ్చడి మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు, రుచికి తినండి. ఆకుకూరల కంటే మన ప్రకాశం శనగలు, అలసందలు నమ్మకం: 100 గ్రాముల ఎండు గింజల్లో 200 మైక్రోగ్రాములకు పైనే. అయినా గర్భిణికి రోజుకు 570 మైక్రోగ్రాములు కావాలి, కాబట్టి మాత్ర తప్పదు.

రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలని ఏరి పారేస్తున్నారే, అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలు. వందకు ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు. కనిపిస్తే ఏరకండి, గంజి వార్చకండి.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతుంటే గర్భం కోసం చూడకముందే డాక్టరుకు చెప్పండి. ఫోలేట్ పనిని అడ్డుకునే మందు అది, బిడ్డకు ప్రమాదం. (ఫోలిక్ యాసిడ్ తయారీ వెనకా, ఈ మందు వెనకా ఉన్నది మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి ప్రయోగశాలే.) ఫిట్స్ మందు వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపొద్దు, డాక్టరే మార్చాలి.