కర్నూల్లో ఖాళీగా ఉన్న మీ ఇంటి గురించి మేనత్త రాసేది

అల్లుడూ,

మొన్న ఫోన్లో అడిగితివి కదా, "అత్తా, ఇల్లు అమ్మేద్దామా ఉంచుకుందామా" అని. ఫోన్లో అయితే సగం చెప్తే సగం మర్చిపోతాం, అందుకే రాస్తా ఉన్నా, తీరిగ్గా చదివి అమ్మకు కూడా వినిపించు.

అమ్మినా నేనేం బాధపడను, ఉంచుకున్నా సంతోషమే. కానీ తాళం వేసేసి "చూద్దాంలే" అని వదిలేయడం మాత్రం వద్దు నాయనా. మా మామ గారి ఇల్లు అమ్మినప్పుడు, మా చిన్నాడపడుచు ఇల్లు బాడుగకు ఇచ్చినప్పుడు అన్నీ దగ్గరుండి చూసినదాన్ని. మనుషులు తిరగని ఇల్లు మన ఎండలకీ వానలకీ తొందరగా పాడైపోతుంది. బాత్రూముల్లో, సింకు కింద పైపు వంపులో నిలబడే నీళ్ళు ఎండాకాలంలో ఇట్టే ఎండిపోతాయి, అవి ఎండిపోతే డ్రైనేజీ వాసన, బొద్దింకలు నేరుగా ఇంట్లోకే వస్తాయి, అందుకని నేను పోయినప్పుడల్లా ప్రతి రంధ్రంలో ఒక మగ్గు నీళ్ళు పోసి వస్తా ఉన్నా. మిద్దె మీద పిట్టగోడ పగుల్లో రావి మొక్క మొలిచింది, పైపైన తుంచితే మళ్ళీ వస్తుంది, మేస్త్రీని పిలిచి వేరుతో తీయించి సిమెంటు పూయించాల. వానలకు ముందు మిద్దె మీద నీళ్ళు పోయే తూములు శుభ్రం చేయించు, వేపాకు అడ్డం పడితే నీళ్ళు నిలిచి స్లాబు ఉరుస్తుంది. తలుపు చట్రాలకు చెదలు ఉన్నాయేమో చూడాల. గ్యాస్ కనెక్షన్ సరెండర్ చేసేయ్. కరెంటు మీటర్ మాత్రం తీసేయించొద్దు, వాడకపోయినా వచ్చే బిల్లు కడతా ఉండు, చీకటి ఇల్లు చూడ్డానికి కొనేవాడు ఎవడొస్తాడు.

ఇంకొకటి, గేటు ముందర ఎవరో టిఫిన్ బండి పెట్టడం మొదలుపెట్టినారు. పాపం బతకడానికే, నేను మర్యాదగానే చెప్పి పక్కకు జరిపించినా. ఎవరినన్నా కాపలాకు పెట్టినా ఊరికే ఉండమని నోటి మాటతో ఇల్లు అప్పజెప్పొద్దు, ఏ హోదాలో ఉంటా ఉన్నారో కాగితం మీద రాయించుకో. మన ఇంట్లో ఇంకొకరు తమదే అన్నట్టు 12 ఏళ్ళు బహిరంగంగా ఉండిపోయి, మనం ఏమీ చేయకపోతే మన హక్కే పోయే ప్రమాదం ఉంది చట్టంలో. అందుకే ఇంటి పన్ను, కుళాయి పన్ను రసీదులు ఒక్కటి కూడా పారేయొద్దు.

బాడుగకు ఇవ్వాలంటే కష్టమేం కాదు. పెద్దాసుపత్రి, మెడికల్ కాలేజీ ఉన్న ఊరు, ఇల్లు కావాలని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. 11 నెలల అగ్రిమెంటు, అడ్వాన్సు, ఆధార్ కాపీ, అంతే. కానీ నువ్వు హైదరాబాద్‌లో ఉండి మోటార్ కాలిపోయిందనే ఫోన్లు కూడా ఎత్తగలనంటేనే ఇవ్వు.

ఇంక అమ్మాలనుకుంటే, బ్రోకర్ దగ్గరికి పోకముందు అక్కతో మాట్లాడు. ఇది నేను గట్టిగా చెప్తా ఉన్నా. ఇల్లు మీ నాన్న సొంత సంపాదనతో కొన్నది, వీలునామా రాయలేదు, కాబట్టి అమ్మకు, అక్కకు, నీకు ముగ్గురికీ సమాన భాగం. మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, బతికుంటే ఆమెకూ ఒక భాగం వచ్చేది. "అక్కకు పెళ్ళిలో ఇచ్చేసినాం కదా" అని ఎవరైనా నీ చెవిలో ఊదితే వినొద్దు, పెళ్ళిలో పెట్టిన దానికీ ఈ హక్కుకీ సంబంధం లేదు. అక్క నాకేం వద్దంటే అది కూడా నోటి మాట సరిపోదు, హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయించాల, లేదంటే ముగ్గురూ కలిసి అమ్మకం దస్తావేజు మీద సంతకాలు పెట్టాల. నేను ఆడపిల్లగా ఈ ఇంట్లోంచి పోయినదాన్నే, అడగకుండా సంతకం పెట్టమంటే ఎట్లుంటుందో నాకు తెలుసు. డబ్బు లెక్కకు ముందు ఆమె మనసులో ఏముందో అడుగు.

తర్వాత కాగితాలు. డెత్ సర్టిఫికెట్, తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మున్సిపల్ రికార్డులో పేరు మార్పిడి, ఈసీ, అంటే ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే కాగితం. నాన్న బీరువాలో ఉన్న అసలు దస్తావేజు 2009 వరదల్లో తడిసి అక్షరాలు అలుక్కుపోయినాయి, భయపడొద్దు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు, అప్పట్లో కర్నూలు పాతబస్తీలో చాలామంది అట్లనే తెచ్చుకున్నారు. లింకు దస్తావేజులకు, అంటే నాన్న కొనకముందు ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులకు కూడా అట్లనే అప్లై చెయ్. మన సర్వే నెంబరు, రిజిస్ట్రేషన్ చేయకూడదని గవర్నమెంటు పెట్టిన 22ఏ నిషేధిత జాబితాలో ఉందా లేదా ముందే చూసుకో, అందులో పొరపాటున పడి ఉన్నా రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది, బేరం అయినాక తెలిస్తే అడ్వాన్సు తిరిగిచ్చే గొడవ.

వరదంటే గుర్తొచ్చింది, మన పేటలో ఇల్లు చూడ్డానికి వచ్చేవాడు ఆ మాట అడగకుండా పోడు, "2009లో నీళ్ళు యాడిదాకా వచ్చినాయమ్మా?" అని. ఆ అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి మన వీధి మునిగింది, మనింట్లో కిటికీ పైదాకా వచ్చింది, లోపలి గోడ మీద మరక ఇంకా కనపడుతుంది. సున్నం కొట్టించు, ఇల్లు శుభ్రంగా కనపడాల, కానీ నీళ్ళు రాలేదని మాత్రం చెప్పొద్దు. ఊరంతా చూసిన సంగతి, పక్కింటివాళ్ళను అడిగితే నిమిషంలో తెలుస్తుంది, ఆ ఒక్క అబద్ధంతో నీ కాగితాలను కూడా అనుమానిస్తారు. ఉన్నది చెప్పి, ఆ తర్వాత ఏమేం రిపేర్లు చేయించినామో చూపిస్తే రేటు కొంచెం తగ్గినా బేరం నిలబడుతుంది.

రేటుకు గవర్నమెంటు మార్కెట్ వాల్యూ ఒకటే చూడొద్దు, మన వీధిలో ఈ మధ్య అమ్మినవాళ్ళను అడుగు. నేనైతే మొదట పక్కింటివాళ్ళకే చెప్తా, గోడ కలిసిన స్థలం వాళ్ళకు పనికొచ్చినంత ఇంకెవరికీ పనికిరాదు. బ్రోకర్‌ను పెట్టుకుంటే కమిషన్ ఎంతో ముందే తేల్చుకో. జీపీఏ, అంటే నీ తరఫున అన్నీ చేసే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, రాసిమ్మని, ఖాళీ స్టాంపు పేపర్ల మీద సంతకాలు పెట్టమని అడిగితే మాత్రం కుదరదని చెప్పు. నువ్వు రాలేకపోతే అక్క పేరున, ఈ ఒక్క పనికే, రిజిస్టర్డ్ పవర్ రాసివ్వు.

అడ్వాన్సు చెక్కు గానీ బ్యాంకు ట్రాన్స్‌ఫర్ గానీ. ఇంటి అమ్మకంలో 20,000 అంతకు మించి క్యాష్ తీసుకుంటే తీసుకున్నంత పెనాల్టీ వేయొచ్చు, సగం తెలుపు సగం నలుపు అని వచ్చేవాళ్ళకు కాఫీ ఇచ్చి పంపేయ్. అగ్రిమెంటులో గడువు తేదీ రాయించు, మొత్తం డబ్బు పడి రిజిస్ట్రేషన్ అయ్యేదాకా తాళాలు ఇవ్వొద్దు, "సామాన్లు పెట్టుకుంటాం" అన్నా సరే. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు మామూలుగా కొనేవాళ్ళవే, అది కూడా రాసుకోండి. 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్ళు నీ పన్ను కింద 1 శాతం టీడీఎస్ ముందే పట్టుకుంటారు, దానికి సర్టిఫికెట్ అడిగి తీసుకో. లాభం మీద పన్ను ఉంటుంది, నాన్న 2001కి ముందే కొన్నాడు కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు, ఆ డబ్బుతో రెండేళ్ళలోపు ఇంకో ఇల్లు కొంటే మినహాయింపు కూడా ఉంది, అగ్రిమెంటుకు ముందే ఆడిటర్‌ను కలువు.

బేరం మొదలుపెట్టకముందు అమ్మను ఒకసారి తీసుకురా. ఏవి ఉంచుకోవాలో ఏవి ఇచ్చేయాలో ఆమెనే చెప్పనీ, రెండు మూడు రోజులు పట్టినా తొందర పెట్టొద్దు, మా ఇంట్లోనే ఉండండి, వంట నేను చూసుకుంటా.

అక్కకు ఈ ఆదివారమే ఫోన్ చెయ్. వచ్చేటప్పుడు నాన్న డెత్ సర్టిఫికెట్ ఒరిజినల్, మీ ముగ్గురి ఆధార్, పాన్ తెచ్చుకో, సోమవారం పొద్దున వచ్చేట్టు చూసుకుంటే అదే రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు, మున్సిపల్ ఆఫీసుకు రెండిటికీ పోయి రావచ్చు, నేనూ వస్తా.

మీ అత్త