పాసైన క్రెడిట్లను ఒక సర్క్యులర్‌తో కాలేజీ తీసేయగలదా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. సేద్యం చేసుకుంటాం. మా పాప అనంతపురం దగ్గర ఒక అటానమస్ (సిలబస్, పరీక్షలు సొంతంగా చూసుకునే) ఇంజనీరింగ్ కాలేజీలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతోంది. 2023లో చేరింది. ఆ కాలేజీ జేఎన్‌టీయూ అనంతపురానికి అనుబంధం. పోయిన సెమిస్టర్‌లో ఓపెన్ ఎలక్టివ్ (వేరే బ్రాంచి నుంచి ఎంచుకునే సబ్జెక్టు) బదులు ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్‌లో 12 వారాల ఆన్‌లైన్ కోర్సు చేస్తానని హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) దగ్గర అనుమతి తీసుకుంది. పరీక్ష రాసి పాసైంది. 3 క్రెడిట్లు (డిగ్రీకి లెక్కేసే పాయింట్లు) వస్తాయనుకున్నాం. ఇప్పుడేమో ఆన్‌లైన్ కోర్సుల క్రెడిట్లు చెల్లవు, ఆ ఎలక్టివ్‌ను జూనియర్లతో కలిసి క్లాసులో చదవాలి, దానికి విడిగా ఫీజు కట్టాలి అని వాట్సాప్‌లో సర్క్యులర్ పెట్టారు. కాలేజీ ఇట్లా మధ్యలో మార్చొచ్చా? ఇంకో సంగతి. మా తమ్ముని కొడుకు వేరే కాలేజీలో 2022లో చేరి, రెండో సంవత్సరంలో హాజరు తక్కువై డిటెయిన్ అయ్యాడు, పైకి పంపకుండా ఆపేశారు. మళ్ళీ చేరితే కొత్త సబ్జెక్టులు కూడా రాయమంటున్నారు. అది న్యాయమేనా?

జవాబు: మీ పాప సంగతి ముందు చూద్దాం. రాబోయే రోజులకు సిలబస్, క్రెడిట్ల నియమాలు మార్చుకునే అధికారం కాలేజీకి ఉంది. కానీ అనుమతి ఇచ్చి, చదవనిచ్చి, పాసయ్యాక ఆ క్రెడిట్లు లేవనడం వేరే సంగతి. దానికి మీరు ఫోటో తీసి పంపిన ఆ సర్క్యులర్ చాలదు.

ఆ ఫోటోను పెద్దది చేసి చూశాను. పైన కాలేజీ పేరు, కింద డిపార్ట్‌మెంట్ సీలు, హెచ్‌ఓడీ సంతకం ఉన్నాయి. సర్క్యులర్ నంబరు వేయాల్సిన చోట ఖాళీ. ‘మేనేజ్‌మెంట్ నిర్ణయం మేరకు తక్షణం అమలు’ అని రాశారు. చదువు నియమాలు ఆమోదించే అకడమిక్ కౌన్సిల్ ఎన్నో సమావేశంలో, ఏ తేదీన తీర్మానం చేసిందో లేదు. ఏ బ్యాచ్ నుంచి వర్తిస్తుందో లేదు. మీ బలమంతా ఈ రెండు లోపాల్లోనే ఉంది. అందుకే ‘ఇది అన్యాయం సార్’ అని ప్రిన్సిపాల్ గది ముందు నిలబడే కంటే, ‘ఈ మార్పు ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏ బ్యాచ్‌కు చేశారు’ అని కాగితం మీద అడగండి.

అటానమస్ అంటే కాలేజీ ఇష్టం వచ్చినట్టు చేసుకోవచ్చని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. కాదు. ఈ కాలేజీలు ఎలా నడవాలో యూజీసీ (ఉన్నత విద్యకు ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ) 2023లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. సబ్జెక్టులో మార్పు మొదట బోర్డ్ ఆఫ్ స్టడీస్ అనే డిపార్ట్‌మెంట్ సిలబస్ కమిటీలో పుట్టాలి. అందులో హెచ్‌ఓడీ, ఆ డిపార్ట్‌మెంట్ అధ్యాపకులతో పాటు బయటి నిపుణులు, వైస్ చాన్సలర్ నామినేట్ చేసిన నిపుణుడు, పరిశ్రమ నుంచి ఒకరు, పూర్వ విద్యార్థి ఒకరు ఉంటారు. అక్కడి నుంచి ప్రతిపాదన ప్రిన్సిపాల్ అధ్యక్షత వహించే అకడమిక్ కౌన్సిల్‌కు వెళ్తుంది. అందులోనూ బయటి నిపుణులు, యూనివర్సిటీ నామినీలు ఉంటారు. కోర్సులు, సిలబస్, అకడమిక్ రెగ్యులేషన్స్ ఆమోదించేది ఈ కౌన్సిలే. నచ్చకపోతే కారణం చెప్పి తిప్పి పంపే అధికారం కూడా దానికి ఉంది. డిగ్రీ ఇచ్చేది చివరికి యూనివర్సిటీయే కాబట్టి బయటివాళ్ళను అంతమందిని కూర్చోబెట్టారు. ‘మేనేజ్‌మెంట్’ అనే పేరుతో ఒక క్రెడిట్‌ను ఇచ్చే అధికారం గానీ తీసే అధికారం గానీ ఈ వరుసలో ఎక్కడా లేదు. హెచ్‌ఓడీ ప్రతిపాదించవచ్చు, అమలు చేయవచ్చు. ఆయన ఒక్కరే నియమం చేయలేరు.

శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ, యోగి వేమన యూనివర్సిటీ లాంటి వాటి కింద అటానమస్ కాని డిగ్రీ కాలేజీల్లో చదివే పిల్లల తల్లిదండ్రులు కూడా ఇది గమనించాలి. అక్కడ కాలేజీ చేతిలో అసలేమీ ఉండదు. సిలబస్, క్రెడిట్లు యూనివర్సిటీ బోర్డులు, అకడమిక్ సెనేట్ చూసుకుంటాయి. కాలేజీ ప్రిన్సిపాల్ సొంతంగా ఒక్క క్రెడిట్ కూడా మార్చలేరు.

ఇక కాలేజీ తరఫున ఏం వాదిస్తారో కూడా మీకు చెప్పాలి, లేకపోతే అక్కడికి వెళ్ళి తడబడతారు. రెగ్యులేషన్స్ పుస్తకం చివర ఒక క్లాజు ఉంటుంది: ‘యూనివర్సిటీ లేదా కాలేజీ నియమాలను ఎప్పుడైనా మార్చవచ్చు, ప్రకటించిన తేదీ నుంచి విద్యార్థులందరికీ వర్తిస్తాయి’ అనే అర్థంతో. దాన్నే మీకు చూపిస్తారు. ఆ క్లాజు నిజమే, అది చెల్లుతుంది. చేరిన రోజున ఉన్న సిలబసే నాలుగేళ్ళూ ఉండాలనే హక్కు విద్యార్థికి లేదు. చదువు విషయాల్లో నిపుణుల అభిప్రాయాన్ని పక్కనపెట్టి కోర్టులు తమ అభిప్రాయం పెట్టకూడదని సుప్రీంకోర్టు 1984లోనే మహారాష్ట్ర సెకండరీ బోర్డు కేసులో గట్టిగా చెప్పింది. కాబట్టి ‘ఆన్‌లైన్ కోర్సులు మంచివా, క్లాసు మంచిదా’ అనే వాదనకు పోవద్దు. అందులో మీరు గెలవరు.

కానీ అదే క్లాజును ఇంకోసారి చదవండి. ‘ప్రకటించిన తేదీ నుంచి’ అని ఉంది. మీ పాప కోర్సు అంతకుముందే అయిపోయింది. జరిగిపోయిన సెమిస్టర్‌కు వెనక్కి వెళ్ళి నియమం మారుస్తామంటే ఆ అధికారం రెగ్యులేషన్‌లో స్పష్టంగా కనిపించాలి. దానికి తోడు కాలేజీ అనుమతి ఇచ్చింది, మీ పాప దాన్ని నమ్మి వేరే సబ్జెక్టు వదులుకుంది. ఒకరు మాట ఇచ్చి, దాన్ని నమ్మి రెండోవాళ్ళు అడుగు వేశాక, వెనక్కి తగ్గి వాళ్ళకు నష్టం చేయకూడదన్నది పాత న్యాయసూత్రం. 1990లో సనాతన్ గౌడ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే బెర్హంపూర్ యూనివర్సిటీకి వర్తింపజేసింది. లా కోర్సులో చేర్చుకుని, పరీక్షలు రాయనిచ్చి, తర్వాత అర్హత లేదని ఫలితాలు ఆపారు. విద్యార్థి ఏదీ దాచలేదు, మార్కుల మెమో ముందే ఇచ్చాడు. అందుకని యూనివర్సిటీకి ఆ అభ్యంతరం చెప్పే అర్హత లేదని కోర్టు తేల్చింది. మీ కేసు అచ్చంగా అదే అనను. కానీ వాదన ఆ దారిలోనే నడుస్తుంది.

దీన్నిబట్టి అనుమతి కాగితం ఎంత ముఖ్యమో మీకే అర్థమవుతుంది. ఒక సెమిస్టర్‌లో ఉండే కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం (ఎన్‌పీటీఈఎల్ కోర్సులు కూడా ఉండే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక) ద్వారా చదవడానికి యూజీసీ 2021 నిబంధనల్లో వీలు కల్పించింది. అయితే ఏ కోర్సును అనుమతించాలో ఎంచుకునేది కాలేజీ. అందువల్ల ‘యూజీసీ ఒప్పుకుంది కదా’ అనే మాట ఒక్కటే సరిపోదు. ఆ కోర్సు పేరు కాలేజీ ఆమోదించిన జాబితాలో ఉండాలి, మీ పాపకు రాతపూర్వక అనుమతి ఉండాలి. అనుమతి ఈమెయిల్‌లో ఉంటే ప్రింటు తీయించండి. ఫారం మీద ఉంటే జిరాక్స్ తీసి, ఒరిజినల్ ఇంట్లో బీరువాలో పెట్టండి, కాలేజీకి ఇవ్వొద్దు. అనుమతి వట్టి నోటిమాట అయితే మాత్రం కేసు బలహీనపడుతుంది. అప్పుడు సెమిస్టర్ రిజిస్ట్రేషన్ కాగితంలో ఆ సబ్జెక్టు ఎలా నమోదైందో చూడాలి. పాప ఏబీసీ ఖాతా (విద్యార్థి క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) కూడా డిజిలాకర్‌లో తెరిచి చూడమనండి. 3 క్రెడిట్లను అప్పటికే కాలేజీయే అందులో ఎక్కించి ఉంటే ఒప్పుకున్నట్టే లెక్క. తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. పడలేదని మాత్రం కంగారు పడొద్దు, ఎక్కించడం ఆలస్యమైనా అలాగే ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సిన పని. ప్రిన్సిపాల్ పేరున, ఎగ్జామినేషన్ బ్రాంచికి ప్రతి పెడుతూ ఒక పేజీ అర్జీ రాయండి. ఆవేశం వద్దు. ‘నా కుమార్తె ఫలానా తేదీన అనుమతి తీసుకుని ఫలానా కోర్సు పూర్తి చేసింది. అనుమతి పత్రం, సర్టిఫికెట్ జతచేశాను. ఈ క్రెడిట్లను గ్రేడ్ షీటులో నమోదు చేయగలరు. నమోదు చేయలేమంటే, ఆ నిర్ణయం తీసుకున్న అకడమిక్ కౌన్సిల్ తీర్మానం ప్రతిని, ఏ బ్యాచ్ నుంచి వర్తిస్తుందో తెలిపే ఉత్తర్వును నాకు ఇవ్వగలరు.’ ఇంతే. ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి, మీ ప్రతి మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఈ ఇబ్బంది మీ పాప ఒక్కదానికే వచ్చి ఉండదు. అదే కోర్సు చేసినవాళ్ళు పదిమంది ఉంటే పదిమంది తల్లిదండ్రులూ సంతకం పెట్టండి. ల్యాబు ఇంటర్నల్స్‌లో మార్కులు తగ్గిస్తారేమోనన్న భయం పిల్లలకు ఉంటుంది, అది ఉత్త భయమేమీ కాదు. అర్జీ తండ్రి పేరున, గుంపుగా వెళ్తే ఒక్క పిల్ల మీద కన్ను పడదు.

పదిహేను రోజులు చూసి జవాబు రాకపోతే కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీకి వెళ్ళండి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలోనూ అది ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అక్కడ న్యాయం జరగకపోతే ఆ నిర్ణయం అందిన 15 రోజుల్లో యూనివర్సిటీ నియమించిన ఓంబుడ్స్‌పర్సన్‌కు (ఫిర్యాదులు విని తేల్చే అధికారికి) అప్పీలు చేయవచ్చు. ఆయన 30 రోజుల్లో పరిష్కరించే ప్రయత్నం చేయాలి. టెక్నికల్ కాలేజీలకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ) 2019లో ఇలాంటి ఏర్పాటే చేసింది. అవే నిబంధనల్లో ప్రాస్పెక్టస్ గురించి కూడా ఉంది. అడ్మిషన్లు మొదలు కావడానికి కనీసం 60 రోజుల ముందే కోర్సులు, సిలబస్ వివరాలతో ప్రాస్పెక్టస్ ప్రచురించాలి. 2023లో మీ పాప చేరినప్పటి ప్రాస్పెక్టస్, రెగ్యులేషన్స్ పుస్తకం ఎక్కడున్నా వెతకండి. దొరకకపోతే సీనియర్లను అడిగి సంపాదించండి.

కౌన్సిల్ తీర్మానం కాలేజీ చూపించకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ప్రైవేటు కాలేజీకి నేరుగా దరఖాస్తు పెడితే ‘మేము పబ్లిక్ అథారిటీ కాదు’ అంటారు. అందుకని జేఎన్‌టీయూ అనంతపురం పౌర సమాచార అధికారికి 10 రూపాయలు కట్టి, ఆ కాలేజీ రెగ్యులేషన్స్, అకడమిక్ కౌన్సిల్ మినిట్స్ కావాలని అడగండి. చట్టం ప్రకారం యూనివర్సిటీ అడిగి తెప్పించుకోగల సమాచారం కూడా దాని కిందికే వస్తుంది. జవాబుకు గడువు 30 రోజులు.

ఫీజు మాట. తీర్మానం చూడకుండా కట్టొద్దు. పరీక్ష ఫీజు గడువు మీద పడి కట్టక తప్పదనుకుంటే, ‘నా హక్కులకు భంగం లేకుండా, అభ్యంతరంతో కడుతున్నాను’ అని రాసిచ్చి, రసీదు తీసుకుని కట్టండి. రసీదు ఇవ్వనంటే నగదు ఇవ్వొద్దు, ఆన్‌లైన్‌లో కట్టండి. ఇలా రాసి కడితే రేపు ‘మీరే ఒప్పుకుని కట్టారు’ అనే మాట రాదు.

హైకోర్టు చివరి దారి. రాజ్యాంగంలోని 226 అధికరణం కింద అమరావతిలో రిట్ పిటిషన్ వేయవచ్చు. యూనివర్సిటీని, కాలేజీని ఇద్దరినీ పార్టీలుగా చేర్చాలి. పరీక్ష ముందుంటే, తుది తీర్పుకు లోబడి రాయనివ్వమని మధ్యంతర ఉత్తర్వు అడగవచ్చు. అయితే ఆలస్యం చేసినవాళ్ళ మీద కోర్టుకు సానుభూతి తక్కువ. సర్క్యులర్ వచ్చి ఏడాది గడిచి, నాలుగో సంవత్సరం చివర డిగ్రీ ఆగాక పరుగెత్తుకు వస్తే నేను గానీ మరో లాయర్ గానీ చేయగలిగింది తగ్గిపోతుంది. వినియోగదారుల కమిషన్‌కు పోదామని ఎవరైనా అంటే వద్దనే చెబుతాను. విద్యార్థి వినియోగదారుడు కాదని సుప్రీంకోర్టు 2010లో ఒక యూనివర్సిటీ కేసులో చెప్పింది. అక్కడ మొదటి ఏడాది ఆ వాదనతోనే గడిచిపోతుంది.

మీ తమ్ముని కొడుకు విషయంలో మాత్రం కాలేజీ చెప్పేది చాలావరకు సరైనదే. హాజరు తక్కువై ఆగినవాళ్ళు మళ్ళీ చేరినప్పుడు, ఏ బ్యాచ్‌తో చేరితే ఆ బ్యాచ్ రెగ్యులేషన్ కిందికి వస్తారు. అతని కాలేజీ కూడా జేఎన్‌టీయూ అనంతపురం కిందిదైతే, 2022లో చేరినవాళ్ళకు ఆర్20 (2020 రెగ్యులేషన్), 2023 నుంచి చేరినవాళ్ళకు ఆర్23 (2023 రెగ్యులేషన్) వర్తిస్తాయి. జూనియర్లతో కూర్చుంటే ఆర్23 తప్పదు. దీన్ని ట్రాన్సిటరీ రెగ్యులేషన్స్ అంటారు. పాత దాంట్లో పాసైన సబ్జెక్టుకు కొత్త దాంట్లో సమానమైనది ఉంటే మళ్ళీ రాయక్కర్లేదు. పాత దాంట్లో లేనివి మాత్రం పూర్తి చేయాలి. గొడవంతా ఏది దేనికి సమానం అన్న చోట వస్తుంది. క్లాసులు మొదలయ్యే ముందే యూనివర్సిటీ ఆమోదించిన సమాన సబ్జెక్టుల జాబితాను, డిగ్రీకి అతనికి మొత్తం ఎన్ని క్రెడిట్లు కావాలో తేల్చే కాగితాన్ని ఎగ్జామినేషన్ బ్రాంచి నుంచి రాతపూర్వకంగా తీసుకోమనండి. ఇప్పుడు రాయమంటున్న కొత్త సబ్జెక్టుల్లో ఏవైనా అతను ఇదివరకే పాసైన వాటితో సరిపోలితే, రెండు సిలబస్‌లు పక్కపక్కన పెట్టి యూనిట్ల వారీగా గుర్తులు వేసి, మినహాయింపు కోరుతూ యూనివర్సిటీ డైరెక్టర్ ఆఫ్ ఎవాల్యుయేషన్‌కు కాలేజీ ద్వారా అర్జీ పెట్టాలి. ఈ పని రీఅడ్మిషన్ ఫారం మీద సంతకం పెట్టిన వారంలోపే మొదలుపెట్టమనండి. మొదటి మిడ్ పరీక్షలు వచ్చాయంటే ఎవరూ ఆ ఫైలు తెరవరు.