పార్టీ గుర్తు లేని మేయర్ ఎన్నికలో ఫెడరల్ ఉద్యోగి నిలబడవచ్చా?

ప్రశ్న: మాది డాలస్ పక్కన ఒక ఊరు. ఎనిమిదేళ్లుగా వెటరన్స్ ఆస్పత్రిలో, అంటే మాజీ సైనికుల కోసం ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం నడిపే ఆస్పత్రిలో డాక్టర్‌ని. అమెరికా పౌరసత్వం వచ్చి ఐదేళ్లయింది. వచ్చే మే నెలలో మేయర్‌గా పోటీ చేయమని మా కాలనీవాళ్లు అడుగుతున్నారు. ఇక్కడ మేయర్ బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. అయితే మొన్న మార్చిలో నేను ఒక పార్టీ ప్రైమరీలో (పార్టీ తన అభ్యర్థులను ఎంచుకునే ఎన్నికలో) ఓటేశాను. ఆ పార్టీ స్థానిక క్లబ్‌వాళ్లు నన్ను బలపరుస్తామంటున్నారు. రాజీనామా చేయకుండా పోటీ కుదరదని మావారు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: డాక్టర్ గారూ, రాజీనామా అక్కర్లేదు. కానీ ఆ క్లబ్‌వాళ్లకు ఇవాళే వద్దని చెప్పండి. మీ ఉద్యోగానికి అసలు ప్రమాదం అక్కడే ఉంది.

మీవారు మన ఊళ్ల లెక్కలో ఆలోచించారు. అక్కడ ప్రభుత్వ ఉద్యోగి సర్పంచ్‌గా నిలబడాలన్నా ఉద్యోగం వదులుకోవాల్సిందే. అమెరికాలో ఫెడరల్ ఉద్యోగులకు 1939 నాటి హ్యాచ్ చట్టం ఉంది. అది పార్టీల తరఫున జరిగే ఎన్నికల్లో పోటీని నిషేధిస్తుంది, పార్టీరహిత ఎన్నికల్లో అనుమతిస్తుంది. మీరు న్యూయార్క్‌లోనో ఫిలడెల్ఫియాలోనో ఉండి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది, అక్కడ మేయర్ ఎన్నికలు పార్టీల పేరుతోనే జరుగుతాయి. న్యూయార్క్‌లో పార్టీరహిత పద్ధతి తేవాలని 2003లో ప్రజల ముందు పెడితే ఓటర్లు తిరస్కరించారు.

ప్రైమరీ ఓటు గురించి టెన్షన్ పడకండి. టెక్సస్‌లో ఓటరు నమోదులో పార్టీ రాసుకునే పద్ధతే లేదు. ఏ ప్రైమరీలో ఓటేస్తే ఆ ఏడాదికి ఆ పార్టీ మనిషి కింద లెక్క, అంతే. అది నగర పదవికి అడ్డు కాదు. మీరు పార్టీ సభ్యురాలిగా ఉన్నా తప్పులేదు. డాలస్ మేయర్ ఎరిక్ జాన్సన్‌ను చూడండి. 2023 మేలో రెండోసారి గెలిచారు, అదే సెప్టెంబర్‌లో డెమోక్రటిక్ పార్టీ వదిలి రిపబ్లికన్ అయ్యారు. బ్యాలెట్ మీద పార్టీ లేనంత మాత్రాన మనిషికి పార్టీ ఉండకూడదని కాదు.

ఇక అసలు చిక్కు. మన పంచాయతీ ఎన్నికల్లో గుర్తు పార్టీది కాకపోయినా, మర్నాడు పత్రికల్లో "ఫలానా పార్టీ బలపరిచిన అభ్యర్థి" అని వస్తుంది, ఎవరూ తప్పుపట్టరు. ఇక్కడ మామూలు అభ్యర్థికి కూడా అలాంటి మద్దతు తీసుకోవడంలో ఇబ్బంది లేదు. మీకు మాత్రం ఉంది. ఎన్నిక చట్టం ప్రకారం పార్టీరహితమే అయినా, ప్రచారంలోకి పార్టీ వచ్చిందని రుజువైతే హ్యాచ్ చట్టం దాన్ని పార్టీ ఎన్నికగానే చూస్తుంది. 2001లో న్యూమెక్సికో రాష్ట్రంలోని అల్బుకర్కీ నగర మేయర్ పదవికి, మీలాగే ఫెడరల్ ఉద్యోగి అయిన ఒక ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ పోటీ చేశారు. అదీ పార్టీరహిత ఎన్నికే. ఆయన ప్రచారంలో పార్టీ కనిపించిందని కేసు నడిచింది, 2005లో ఫెడరల్ అప్పీలు కోర్టు కూడా ఆయన చట్టాన్ని ఉల్లంఘించారనే తేల్చింది. ఇలాంటి కేసుల్లో మందలింపు, సస్పెన్షన్ దగ్గర్నుంచి ఉద్యోగం నుంచి తీసేయడం దాకా శిక్ష ఉండవచ్చు.

కాబట్టి మీ కరపత్రం మీదా, ఇంటింటికీ వెళ్లి చెప్పే మాటల్లోనూ పార్టీ పేరు రానివ్వకండి. పార్టీవాళ్ల ఓటర్ల జాబితా, వాలంటీర్లు, డబ్బు ఏదీ తీసుకోకండి. మద్దతు కోసం వాళ్లు పంపే ప్రశ్నాపత్రం నింపకండి. అడక్కుండానే వాళ్లు ప్రకటిస్తే, వద్దని ఈమెయిల్ రాసి ఆ కాపీ దాచుకోండి. ఇలాంటి వ్యవహారాల్లో కాగితమే మనిషిని కాపాడుతుంది. డ్యూటీ వేళల్లో, ఆస్పత్రి ఆవరణలో, ఆఫీసు ఈమెయిల్‌లో ప్రచారం ఊసే ఎత్తకండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. మనవాళ్లు పోటీ చేస్తే తెలుగు సంఘాలు ఉత్సాహపడతాయి. సభలో వేదికెక్కించి "మన అమ్మాయికే ఓటు" అంటారు. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ విరాళాలకు పన్ను మినహాయింపు ఉన్న ఛారిటీ సంఘం ఏ అభ్యర్థినీ బలపరచకూడదు, పార్టీరహిత ఎన్నికలోనైనా సరే. సంఘం గుర్తింపుకే ముప్పు. సభ్యులు విడిగా, తమ పేరుతో ఎంత పనిచేసినా అభ్యంతరం లేదు.

అర్హతల విషయం తేలికే. పౌరసత్వం పుట్టుకతో కాక తర్వాత వచ్చినా ఫర్వాలేదు. సాధారణంగా నామినేషన్ గడువు నాటికి టెక్సస్‌లో 12 నెలలు, ఆ ఊళ్లో 6 నెలలు నివాసం ఉండాలి, అక్కడే ఓటరై ఉండాలి. కొన్ని నగరాల చార్టర్లు (నగర పాలనకు మూల నియమావళి) వేరేగా చెబుతాయి, మీ సిటీ సెక్రటరీని అడిగి చూసుకోండి.

మే ఎన్నికకు నామినేషన్లు జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య వరకు తీసుకుంటారు. దానికి చాలా ముందే, హ్యాచ్ చట్టం అమలును చూసే ఫెడరల్ సంస్థ ఆఫీస్ ఆఫ్ స్పెషల్ కౌన్సెల్‌కు రాసి, లిఖితపూర్వక అభిప్రాయం తెప్పించుకోండి. మీ పదవి, ఊరు, ఎన్నిక తేదీతో పాటు క్లబ్‌వాళ్లు మీ దగ్గరకు వచ్చిన సంగతి కూడా దాచకుండా అందులో రాయండి. ఎదుటి అభ్యర్థి పార్టీ పేరుతో ప్రచారం మొదలుపెడితే మీ పరిస్థితి ఏమిటన్నదీ అదే ఉత్తరంలో అడగండి. మీ ఆస్పత్రి ఎథిక్స్ అధికారికి కూడా ఒక కాపీ ఇవ్వండి.