ట్యాక్స్ నంబర్ ఉంటే జర్మనీలో ఫ్రీలాన్స్ చేసుకోవచ్చా?

ప్రశ్న: నేను జర్మనీలోనే మాస్టర్స్ చేశాను. ఏడాదిన్నరగా మ్యూనిక్‌లో బ్లూ కార్డ్ (పెద్ద చదువు, మంచి జీతం ఉన్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస పర్మిట్) మీద డేటా ఇంజినీరుగా పనిచేస్తున్నాను. జర్మన్ భాషలో బీ1 (మధ్య స్థాయి) పరీక్ష పాసయ్యాను. నా భార్య డిపెండెంట్ వీసా మీద నాతోనే ఉంది. అమెరికా కంపెనీ ఒకటి ఫ్రీలాన్స్ ప్రాజెక్టు ఇస్తానంటోంది. ఇప్పటి జీతం కంటే బాగా ఎక్కువ వస్తుంది. ఉద్యోగం మానేసి అందులో చేరాలనుంది. "పన్ను ఆఫీసులో రిజిస్టర్ చేసుకుంటే చాలు, క్లయింట్ అమెరికాలో ఉన్నాడు కాబట్టి ఇక్కడ పర్మిషన్ అక్కర్లేదు" అంటున్నారు ఫ్రెండ్స్. ఇంకొకరు ఇన్‌వాయిస్‌లు నా భార్య పేరు మీద పంపమన్నారు. ఏది సరైనది?

జవాబు: రాజీనామా ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వకండి. మీ పరిస్థితి చూస్తే కొద్ది నెలలు ఓపిక పడితే ఈ చిక్కులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి. ఎలాగో చెబుతాను. ముందు మీ ఫ్రెండ్స్ చెప్పిన రెండు మాటల సంగతి చూద్దాం, ఎందుకంటే అవి నమ్మి ఇబ్బంది పడినవాళ్లు ఎక్కువ.

పన్ను ఆఫీసు, అంటే ఫినాన్జామ్ట్, మీరు ఫారం నింపితే ట్యాక్స్ నంబర్ ఇచ్చేస్తుంది. మీకు పని చేసే హక్కు ఉందా లేదా అని చూడటం దాని డ్యూటీ కాదు. ఆదాయం వస్తే పన్ను వసూలు చేయడం వరకే దాని పని. పర్మిషన్ ఇవ్వాల్సింది విదేశీయుల వ్యవహారాలు చూసే ఆఫీసు, అంటే ఆస్‌లెండర్‌బెహోర్డె. ట్యాక్స్ నంబర్ చేతిలో ఉండి పర్మిషన్ లేకుండా ఇన్‌వాయిస్‌లు పంపితే, అనుమతి లేని పని చేశానని మీరే లిఖితపూర్వకంగా సాక్ష్యం తయారు చేసుకున్నట్టు. జరిమానా సంగతి అలా ఉంచండి, రేపు కార్డు రెన్యువల్‌కో పీఆర్‌కో (శాశ్వత నివాస అనుమతికో) వెళ్లినప్పుడు అదే ఫైల్లో ఎదురొస్తుంది.

క్లయింట్ ఏ దేశంలో ఉన్నాడన్నదీ ఇక్కడ లెక్కలోకి రాదు. మీరు మ్యూనిక్‌లో కూర్చుని కోడ్ రాస్తే ఆ పని జర్మనీలో జరిగినట్టే. డబ్బు డాలర్లలో వచ్చినా, ఇండియాలోని ఖాతాలో పడినా ఇదే లెక్క. పైగా జర్మనీలో నివాసం ఉన్నవాళ్లు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ లెక్క చూపాలి.

ఇప్పుడు మీ కార్డు బయటికి తీయండి. దాంతోపాటు ఇచ్చిన మడత కాగితం ఒకటి ఉంటుంది, చాలామంది దాన్ని డ్రాయర్‌లో పడేసి మర్చిపోతారు. మీ పనికి సంబంధించిన షరతులు దాని మీదే ఉంటాయి. "జెల్బ్‌స్టెండిగె టేటిష్‌కైట్ నిష్ట్ గెస్టాటెట్" అని ఉంటే స్వయం ఉపాధికి అనుమతి లేదని. "ఎర్వెర్బ్స్‌టేటిష్‌కైట్ గెస్టాటెట్" అని ఉంటే ఉద్యోగం, సొంత పని ఏదైనా చేసుకోవచ్చని. బ్లూ కార్డ్ వాళ్లకి ఎక్కువగా మొదటి వాక్యమే ఉంటుంది. మీ భార్య కార్డు మీద మాత్రం రెండోది కనిపించాలి. కుటుంబ వీసా మీద వచ్చిన జీవిత భాగస్వామికి ఇక్కడి చట్టం అన్నిరకాల పనికీ హక్కు ఇస్తుంది. మీకు లేని స్వేచ్ఛ ఆవిడకుందన్న మాట!

అలాగని ఆవిడ పేరు వాడుకోవడం మాత్రం కుదరదు. పని మీరు చేసి బిల్లు ఆవిడ పేరుతో పంపితే అది అబద్ధపు లెక్క. పన్ను పరంగానూ, వీసా పరంగానూ ఇద్దరూ ఇరుక్కుంటారు. ఆవిడకే ఆ చదువు, అనుభవం ఉండి, క్లయింట్‌తో ఒప్పందం ఆవిడే చేసుకుని, పని ఆవిడే చేస్తే ఏ ఇబ్బందీ లేదు. కోడ్ రిపాజిటరీలో ఎవరి లాగిన్ ఉంది, మీటింగుల్లో ఎవరు మాట్లాడారు అనేవి దాచినా దాగవు.

ఇక దారుల సంగతి. జర్మనీ నివాస చట్టంలో స్వయం ఉపాధికి సంబంధించినది 21వ సెక్షన్. దుకాణం, వ్యాపారం, కంపెనీ పెట్టేవాళ్లకి ఒక పద్ధతి. వాళ్ల వ్యాపారం వల్ల ఆ ప్రాంతానికి లేదా ఆర్థిక వ్యవస్థకి ఏం ఉపయోగం, పెట్టుబడి ఎక్కడిది అని అడుగుతారు, వాణిజ్య మండలి అభిప్రాయం కూడా తెప్పించుకుంటారు. డాక్టర్లు, ఇంజినీర్లు, అనువాదకులు, కళాకారులు, జర్నలిస్టుల్లాంటి స్వతంత్ర వృత్తులవాళ్లకి ఇంకో పద్ధతి, కొంత తేలిక. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇందులో పడతారా అన్నది చేసే పనిని బట్టి ఉంటుంది. ఇంజినీరింగ్ చదువు ఉండి, డిజైన్, డెవలప్‌మెంట్, కన్సల్టింగ్ చేస్తే ఒప్పుకునే అవకాశం బాగానే ఉంటుంది. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ అమ్మడం, మనుషుల్ని సప్లై చేయడం అయితే అది వ్యాపారమే. మీది స్వతంత్ర వృత్తిలా కనిపిస్తోంది.

మీకు ఇంకో సౌలభ్యం ఉంది. జర్మన్ యూనివర్సిటీలో డిగ్రీ పొందినవాళ్లు తమ చదువుకి సంబంధించిన సొంత పని పెట్టుకుంటామంటే, 'ప్రాంతానికి ఏం ఉపయోగం' అనే పరీక్ష లేకుండానే పర్మిట్ ఇవ్వవచ్చని అదే సెక్షన్ చెబుతోంది. అంటే దారి మూసుకుపోలేదు. అయినా ఆ దారిలో ఇప్పుడే వెళ్లమని నేను చెప్పను.

ఎందుకంటే మీరు పీఆర్‌కి చాలా దగ్గర్లో ఉన్నారు. బ్లూ కార్డ్ మీద 27 నెలలు పనిచేసి, అన్ని నెలలూ పెన్షన్ చందా కట్టి, ప్రాథమిక జర్మన్ వస్తే పీఆర్‌కి అర్హత. బీ1 ఉన్నవాళ్లకి ఆ గడువు 21 నెలలే. మీకు ఏడాదిన్నర అయిపోయింది, బీ1 చేతిలో ఉంది. అంటే లెక్క ప్రకారం మిగిలింది మూడు నెలలే. జర్మన్ సమాజం, చట్టాల మీద పెట్టే "లేబెన్ ఇన్ డోయ్‌చ్‌లాండ్" పరీక్ష ఇంకా రాయకపోతే ఈలోగా రాసేయండి. ఇంటి అద్దె అగ్రిమెంటు, జీతం స్లిప్పులు, పెన్షన్ సంస్థ నుంచి చందా వివరాల కాగితం తెప్పించి పెట్టుకోండి. పీఆర్ వచ్చాక మీ కార్డు మీద కూడా అన్నిరకాల పనికీ అనుమతి ఉంటుంది. ఫ్రీలాన్స్ కోసం ఆస్‌లెండర్‌బెహోర్డె గడప తొక్కాల్సిన అవసరమే ఉండదు.

అదే ఇప్పుడు ఉద్యోగం మానేసి స్వతంత్ర వృత్తి పర్మిట్‌కి మారితే, ఈ 21 నెలల దారి తెగిపోతుంది. స్వతంత్ర వృత్తి పర్మిట్ వాళ్లు మామూలుగా అయిదేళ్ల నిబంధన కిందకి వస్తారు. సొంత పనిలో నిలదొక్కుకున్నవాళ్లకి మూడేళ్లకే పీఆర్ ఇచ్చే వెసులుబాటు ఉన్నా, అది స్వతంత్ర వృత్తి పర్మిట్‌కి వర్తించదని చట్టంలోనే రాసి ఉంది. మూడు నెలల తొందర కోసం అంత వెనక్కి పోవడం నాకైతే సబబుగా అనిపించడం లేదు.

పీఆర్‌కి దరఖాస్తు ఇచ్చినంత మాత్రాన కూడా రాజీనామా చేయకండి. నిర్ణయం వచ్చేదాకా ఉద్యోగం ఉండాలి. మధ్యలో ఉద్యోగం పోయినా, మానేసినా ఆ సంగతి తెలిసిన రెండు వారాల్లోపు ఆస్‌లెండర్‌బెహోర్డెకి తెలియజేయాల్సిన బాధ్యత మీదే. కుటుంబ వీసా కూడా మీ కార్డుకే ముడిపడి ఉంది కాబట్టి టెన్షన్ మీ ఒక్కరితో పోదు.

క్లయింట్ అంతవరకూ ఆగడంటే, ఉద్యోగం ఉంచుకునే సైడ్‌గా మొదలుపెట్టవచ్చు. వేరే కారణంతో వచ్చిన కార్డు అలాగే ఉండగా, అదనంగా సొంత పనికి అనుమతి ఇచ్చే వీలు 21వ సెక్షన్ ఆరో క్లాజులో ఉంది. కాకపోతే అడగ్గానే ఇవ్వాలని లేదు, అది ఆఫీసు విచక్షణ. ఏం పని, వారానికి ఎన్ని గంటలు, ఎంత వస్తుంది అనేవి ఒక పేజీలో రాసి, క్లయింట్ ఇచ్చిన లెటర్ జత చేయండి. అంతకంటే ముందు మీ ఉద్యోగ ఒప్పందంలో సైడ్ వర్క్ గురించి ఏం రాశారో చదవండి. కంపెనీకి ముందే చెప్పాలని దాదాపు ప్రతి ఒప్పందంలోనూ ఉంటుంది, పోటీ సంస్థకి పనిచేస్తే మాత్రం ఒప్పుకోరు. కంపెనీ అంగీకారం ఈమెయిల్‌లో కాకుండా సంతకం ఉన్న కాగితం మీద తీసుకుంటే దరఖాస్తుకి బలం.

పీఆర్ వచ్చినా పోని సమస్య ఇంకొకటి ఉంది, దాని గురించి మీరు అడగలేదు. మీకు ఒక్కడే క్లయింట్. రోజూ పొద్దున వాళ్ల టీమ్ కాల్‌లో కూర్చుని, వాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్ మీద, వాళ్లు చెప్పిన టైముకి పనిచేస్తూ, సెలవు కావాలంటే వాళ్ల మేనేజర్‌ని అడిగితే, కాగితం మీద ఫ్రీలాన్సర్ అని ఉన్నా చట్టం దృష్టిలో మీరు ఉద్యోగే. దీన్నే ఇక్కడ షైన్‌జెల్బ్‌స్టెండిష్‌కైట్ అంటారు, దొంగ ఫ్రీలాన్స్ అన్నమాట. తేలితే వెనకటి సోషల్ సెక్యూరిటీ చందాలన్నీ ముందుకొస్తాయి. అనుమానం ఉంటే జర్మన్ పెన్షన్ సంస్థకి దరఖాస్తు చేసి మీరు ఉద్యోగా, స్వతంత్రులా అని ముందే తేల్చుకునే పద్ధతి ఉంది. నిజంగా ఫ్రీలాన్సరే అయినా, కింద ఉద్యోగులు లేకుండా ప్రధానంగా ఒకే క్లయింట్‌కి పనిచేసేవాళ్లు ప్రభుత్వ పెన్షన్ బీమా కట్టాల్సిందే, 18.6 శాతమూ సొంత జేబులోంచే. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అడిగితే మొదటి మూడేళ్లు మినహాయింపు ఇస్తారు, అడగకపోతే ఇవ్వరు.

హెల్త్ ఇన్సూరెన్స్‌లో కంపెనీ కట్టే సగం కూడా మీ మీదే పడుతుంది. మీరిప్పుడు ప్రభుత్వ బీమాలో ఉంటే, ఉద్యోగం మానాక స్వచ్ఛంద సభ్యులుగా అందులోనే కొనసాగవచ్చు. చవక ప్రీమియం చూసి తొందరపడి ప్రైవేటుకి మారవద్దు, మళ్లీ వెనక్కి రావడం కష్టం. ఇవన్నీ తీసేశాక అమెరికా కంపెనీ ఇచ్చేది జీతం కంటే నిజంగా ఎక్కువేనా అని ఒకసారి కూడి చూసుకోండి. గంట రేటు పెంచమని అడగాల్సి రావచ్చు.

క్లయింట్‌కి ఇప్పుడు చెప్పాల్సింది ఒకటే: సంతకం చేస్తాను గానీ, పని మొదలయ్యేది జర్మనీలో నాకు అనుమతి వచ్చిన తేదీ నుంచి అని. ఆ షరతు ఒప్పందంలోనే రాయించండి. ఆ ఒప్పందం కాపీ, మీ కార్డు రెండు వైపులా, ఆ మడత కాగితం, ఇప్పటి ఉద్యోగ ఒప్పందం దగ్గర పెట్టుకుని మ్యూనిక్‌లో ఎవరైనా ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి కలవండి. సైడ్ వర్క్ అనుమతికి దరఖాస్తు చేసేట్టయితే దాన్నీ, పీఆర్ దరఖాస్తునీ ఏ వరసలో పెట్టాలో ఆయన ఆ కాగితాలు చూసి చెప్పగలరు.