జుట్టులో పరుగెత్తిన వేళ్ళు

అమ్మాయ్,

నువ్వు పంపిన అనువాద కథ రెండుసార్లు చదివాను, మొదటిసారి మూలం ముట్టుకోకుండా, రెండోసారి పక్కన పెట్టుకుని. కథ మంచిదాన్నే ఎంచుకున్నావు. సంభాషణలు చాలాచోట్ల బాగా కుదిరాయి, ఆ సంగతులన్నీ ఫోన్లో చెప్పాను కాబట్టి మళ్ళీ రాయను. ఈ ఉత్తరం ఒకే ఒక్క మాట గురించి. రన్. పిల్లలు ఒకటో క్లాసులో నేర్చుకునే మాట, అందుకే దాని దగ్గర ఆగి ఆలోచించాలని నీకు అనిపించలేదు. కష్టమైన మాటలకు నువ్వు నిఘంటువు తీశావు, అవన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇబ్బంది పెట్టింది ఇదే.

నాలుగో పేజీ తీసి చూడు. తల్లి, జ్వరంతో పడుకున్న కొడుకు పక్కన కూర్చుని ఉంటుంది. "ఆమె తన వేళ్ళను అతని జుట్టులో పరుగెత్తించింది" అని రాశావు. కళ్ళు మూసుకుని ఒక్కసారి ఆ గదిలోకి వెళ్ళు. పరుగు అనగానే మనకు తొందర వినిపిస్తుంది, ఆయాసం వినిపిస్తుంది, పాదాల చప్పుడు వినిపిస్తుంది. కాలిపోతున్న ఒంటితో మగతగా పడుకున్న పిల్లాడి తలలో వేళ్ళు అలా పరుగెడితే వాడు ఉలిక్కిపడి లేస్తాడు. ఆవిడ చేసింది తల నిమరడం. "వాడి తల నిమిరింది" అంటే చాలు. ఇంకాస్త దగ్గరగా చూపించాలనుకుంటే "జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి మెల్లగా నిమిరింది" అను. 'తన వేళ్ళను' అక్కర్లేదు, తెలుగులో నిమిరిందంటేనే ఆ వేళ్ళు ఎవరివో తెలిసిపోతుంది. నిమరడం అనే మాట నీకు తెలియక కాదు, నీ తల ఎవరో ఒకరు నిమిరే ఉంటారు కదా. ఇంగ్లీషు వాక్యం కళ్ళ ముందు ఉండేసరికి అది గుర్తుకు రాలేదు, అంతే.

ఇది నీ ఒక్కదానికే జరిగేది కాదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చినప్పుడు అందులో అన్నిటికన్నా ఎక్కువ చోటు పట్టిన మాట 'సెట్'. ఆ తర్వాత సవరణలు జరుగుతూ వచ్చి, 2011కల్లా 'రన్' దాన్ని దాటేసింది. క్రియగా దానికి లెక్కతేలిన అర్థాలు 645. పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడు ఆ ఒక్క మాట మీద దాదాపు తొమ్మిది నెలలు కూర్చున్నాడు. ఇంగ్లీషే పుట్టుభాష అయిన పండితుడికే అన్ని నెలలు పడితే, మనం 'రన్ అంటే పరుగు' అనుకుని ఒక్క రాత్రిలో దాటేద్దామంటే ఎలా కుదురుతుంది?

ఇంగ్లీషువాళ్ళు కాళ్ళున్న జీవి చేసే పనిని ముందు నీళ్ళకిచ్చారు, తర్వాత యంత్రాలొచ్చాక ఇంజనుకు, రైలుకు, ఫ్యాక్టరీకి, చివరికి కంప్యూటరు ప్రోగ్రాంకి కూడా అదే ఇచ్చారు. మనం కదిలేదాన్ని బట్టి మాట మార్చాం. బస్సు నడుస్తుంది, ఫ్యాను తిరుగుతుంది, ముక్కు కారుతుంది, సినిమా ఆడుతుంది. ఆ ఆడటం సినిమాతోనే ఆగదు, మిల్లు ఆడుతుంది, గానుగ ఆడుతుంది, ఊపిరి ఆడుతుంది, పంట అమ్మిన నెలలో చేతిలో డబ్బు ఆడుతుంది. నీ కథలో "కుళాయి నుంచి నీరు ప్రవహిస్తోంది" అని ఉంది. ప్రవహించడం కృష్ణకు, గోదావరికి. కుళాయి దగ్గర ఎవరైనా "నీళ్ళు పోతున్నాయి, కట్టెయ్" అంటారు. ఆ కథలో ఆ కుళాయి ఎవరూ కట్టకుండా వదిలేసిందే, తర్వాత దాని మీదే గొడవ మొదలవుతుంది, కాబట్టి 'పోతున్నాయి'లో ఉన్న వృథా అనే భావం నీకు ఊరికే కలిసొస్తుంది కూడా.

నేను అనువాదాలు మొదలుపెట్టిన రోజుల్లో ఒక కథలో బట్టల రంగు 'రన్' అయ్యే వాక్యం వచ్చింది. అర్థం తెలుసు, మాట దొరకలేదు. రంగు వ్యాపించిందని, కరిగిందని, చెదిరిందని రకరకాలుగా రాసి కొట్టేశాను, రెండు రోజులు ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. మూడో రోజు పొద్దున మా అమ్మ దొడ్లో కొత్త నేతచీర బకెట్లో ముంచి, నీళ్ళు ఎర్రబడటం చూసి, "ఇది రంగు దిగుతుందే, తెల్లవాటితో కలపకు" అని కేకేసింది. రంగు దిగడం! పుట్టినప్పటి నుంచి వింటున్న మాట. గబగబా లోపలికెళ్ళి రాసుకున్నాను. ఆ రోజు నుంచి ఇంగ్లీషు మాట దగ్గర ఆగిపోతే, దానికి అర్థమేమిటని వెతకడం మానేశాను. ఆ పని మా ఇంట్లో జరిగితే ఎవరు చూస్తారు, చూసి ఏమని కేకేస్తారు అని ఆలోచిస్తాను. నువ్వూ అలా చేసి చూడు.

రన్‌కి నిజంగా తోబుట్టువులాంటి మాట తెలుగులో ఒకటుంది, పారు. నీళ్ళు పారతాయి, దొంగ పారిపోతాడు, చూపు పారినంత మేర పచ్చగా ఉంటుంది, ఎత్తు వేసినవాడి పాచిక పారుతుంది లేదా పారదు. పాత కావ్యాల్లో 'పాఱు' అంటే పరుగెత్తడం కూడా. నాకు ఇది ఎంత ఇష్టమో చెప్పలేను, రెండు భాషలు ఒకదాన్నొకటి ఎరగకుండానే పరుగునూ నీటినీ ఒకే మాటలో పెట్టుకున్నాయి. బ్రౌన్ 1852లో అచ్చేసిన తెలుగు నిఘంటువు ఇప్పుడు ఆంధ్రభారతి సైటులో వెతుక్కోవచ్చు, తీరిగ్గా పారు, ఆడు, నడుచు, తిరుగు, పోవు అనే నాలుగైదు మాటలు చూడు. అనువాదం కోసం కాదు, నీ ఇంట్లో ఏమేం ఉన్నాయో తెలుసుకోవడానికి.

ఇక 'రన్ అవుట్'. క్రికెట్‌లోది కాదు, అది రనౌటే, దాన్ని ముట్టుకోకు. సరుకులు అయిపోవడం గురించి. మన ఇళ్ళల్లో బియ్యం అయిపోయాయి అనరు, నిండుకున్నాయి అంటారు. లేదు అనే మాట వంటింట్లో పలకకూడదని, ఖాళీ అయినదాన్ని నిండిందని చెబుతారు. దీపం ఆరిపోతే కొండెక్కిందంటారు, అదీ ఇలాంటిదే. ఎనిమిదో పేజీలో నువ్వు "పాలు నిండుకున్నాయి" అని రాయడం చూసి ముచ్చటేసింది, కానీ అక్కడ అది వద్దంటాను. మాట్లాడుతున్నది లండన్‌లో ఒక్కడే ఉంటున్న కుర్రాడు, ఫ్రిజ్ తలుపు తీసి విసుక్కుంటున్నాడు. నిండుకోవడంలో ఒక తరం ఆడవాళ్ళ భయభక్తులున్నాయి, వాటిని తీసుకెళ్ళి వాడి నోట్లో పెడితే వాడు వాడిలా ఉండడు. "పాలు అయిపోయాయి" అనే అంటాడు.

సామెత దగ్గరా ఇదే జాగ్రత్త. 'స్టిల్ వాటర్స్ రన్ డీప్' అన్నచోట నిండుకుండ తొణకదు అని పెట్టావు. చాలామంది పెడతారు. కానీ నిండుకుండ అనేది మెచ్చుకోలు, చదువున్నా అణకువగా ఉండేవాళ్ళను అంటాం. నీ కథలో ఆ మాట అన్న పొరుగావిడ మెచ్చుకోవట్లేదు, ఆ నిశ్శబ్దం వెనక ఏదో దాచాడని అనుమానిస్తోంది. "పైకి అలా ఉంటాడు కానీ లోతు మనిషి" అంటే చాలు. సామెతకు సామెతే పెట్టాలన్న పట్టుదల అక్కర్లేదు.

ఎన్నికల సంగతి చిన్నదే, అయినా చెబుతాను. అమెరికాలో పదవికి 'రన్' అవుతారు, బ్రిటన్‌లో 'స్టాండ్' అవుతారు. మనం బ్రిటన్‌వాళ్ళలా నిలబడతాం, "సర్పంచిగా నిలబడ్డాడు" అని ఏ ఊళ్ళోనైనా అంటారు. నువ్వు "మేయర్ పదవికి పరుగులో ఉన్నాడు" అన్నావు, మార్చు.

అలాగని రన్‌ని కనపడ్డ చోటల్లా తరిమెయ్యమని కాదు. ప్రోగ్రాం రన్ చేస్తాం, రన్నింగ్ బస్సు ఎక్కొద్దని పిల్లల్ని తిడతాం. రైల్వేలో లోకో పైలట్లు, గార్డులు డ్యూటీ దిగి పడుకునే చోటును రన్నింగ్ రూం అంటారు. దాన్ని విశ్రాంతి గృహం చేస్తే ఆ ఉద్యోగుల ఇళ్ళల్లో వాళ్ళే గుర్తుపట్టరు. జనం నోట్లో స్థిరపడ్డ మాట తెలుగు మాటే, దానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

ఇంకొకటి నిజంగా బాధపడి రాస్తున్నాను. మొదటి పేజీలో పిల్లాడు చెల్లెలితో "రన్!" అని అరుస్తాడు. నువ్వు ముందు 'ఉరుకు' అని రాసి, కొట్టేసి, 'పరిగెత్తు' అని పెట్టావు, కొట్టేసింది కాగితం మీద కనిపిస్తోంది. ఎందుకు కొట్టేశావు? మీ నల్గొండ వైపు చంటిపిల్లల దగ్గర్నుంచి అందరూ ఉరుకుతారు. ప్రమాదం వెంటపడుతున్నప్పుడు అరవడానికి అంతకంటే సూటి మాట లేదు. నేను తెనాలిదాన్ని, నాకు పుట్టుకతో రాని మాట అది, నీకు వచ్చింది. ఉరుకు అనే ఉంచు.

పన్నెండో పేజీలో ఒక వాక్యం నాకూ తెగలేదు. ముసలాయన కిటికీ దగ్గర కూర్చుని గడిచినదంతా తలచుకుంటుంటే 'ద ఇయర్స్ రాన్ టుగెదర్' అని ఉంది. నువ్వు "సంవత్సరాలు కలిసి పరుగెత్తాయి" అన్నావు. అది కాదు, తడిసిన కాగితం మీద సిరా అక్షరాల్లాగా ఏళ్ళు ఒకదాంట్లోకి ఒకటి దిగిపోవడం. "ఏ ఏడు ఏదో తెలియకుండా కలగలిసిపోయాయి" అని రాసి చూశాను, అర్థం వచ్చింది కానీ తడి రాలేదు. వచ్చే వారం ఊరెళ్తున్నానన్నావు కదా, మీ నానమ్మ దగ్గర కూర్చుని ఆవిడ చిన్నప్పటి సంగతులు అడుగు, మధ్యలో ఏ ఏడాదో గుర్తురాక ఆగినప్పుడు ఏమంటుందో విని, ఆ మాట ఉన్నదున్నట్టు రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ పిన్ని