పెద్దాయన మంచితనం పక్కన పెట్టండి, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

ప్రశ్న (పెద్ద ఉత్తరాన్ని కుదించి): మాది నెల్లూరు. 2019లో ఏడుగురం కలిసి సొసైటీ రిజిస్టర్ చేసుకుని, చిత్రకళా ప్రదర్శనలు రూపొందించే క్యూరేటర్ల కోసం లాభాపేక్ష లేని కేంద్రం నడుపుతున్నాం. మూలాపేటలో ఒక పెద్దాయన తన పాత మిద్దె ఇల్లు నోటిమాటగా ఇచ్చారు. అద్దె లేదు, ఇంటిపన్ను మాత్రం మేమే కట్టేవాళ్లం. ఆయన పోయాక కొడుకులు ఆగస్టు 20న తాళం వేసేశారు. నాలుగు నెలలు దాటింది. లోపల కళాకారుల బొమ్మలు 40 దాకా ఉన్నాయి. 2019 తర్వాత మేం సర్వసభ్య సమావేశాలు పెట్టలేదు, విరాళాలు నా ఖాతాలోనే పడ్డాయి. పాత తేదీతో లీజు కాగితం పుట్టిస్తానని ఒకరు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో ముప్పావు వంతు పెద్దాయన ఔదార్యం, కొడుకుల కృతఘ్నత గురించే ఉంది. వాటితో కేసు తేలదు. ఆగస్టు 20 నాటికి ఆ ఇంటి తాళంచెవి మీ దగ్గర మాత్రమే ఉందా, లేక ఆయన మనుషులు కూడా ఎప్పుడంటే అప్పుడు తీసుకుని వచ్చిపోయేవాళ్లా? కేసంతా దీనిమీదే ఉంది, మీరేమో ఈ ఒక్క సంగతీ రాయలేదు.

తాళంచెవి మీ ఒక్కరి దగ్గరే ఉండి, ఇల్లు మీ స్వాధీనంలోనే ఉంటే, కోర్టు ఉత్తర్వు లేకుండా మిమ్మల్ని బయటికి నెట్టడం చెల్లదు. స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ సెక్షన్ 6 కింద స్వాధీనం తిరిగి ఇప్పించమని దావా వేయొచ్చు, అందులో 'ఇల్లు మాది' అన్న వాదన వాళ్లకి పనికిరాదు. కానీ గడువు ఆరు నెలలే. ఫిబ్రవరి 20 దాటితే ఈ దారి మూసుకుపోతుంది, ఆలస్యాన్ని కోర్టు మన్నించే వీలు కూడా లేదు. మధ్యవర్తుల మాటలు వింటూ నాలుగు నెలలు పోగొట్టారు. మొదటి వారంలోనే వకీలు దగ్గరికి వెళ్లాల్సింది.

అవతలి వకీలు ఏమంటాడో కూడా వినండి. దయతో ఉండనిచ్చిన మనిషికి ఎన్నేళ్లు ఉన్నా హక్కు పుట్టదని సుప్రీంకోర్టు 2012లో మరియా మార్గరిడా కేసులో చెప్పింది, దాన్నే పట్టుకుంటాడు. అందుకే ఇంటిపన్ను రసీదులు మీకు ప్రాణం. అద్దెకు బదులుగా పన్ను కట్టాం, ఇల్లు మాకు అప్పగించారు, కాబట్టి ఇది నోటిమాట కౌలే (లీజే) అని వాదించొచ్చు. ఒక ఏడాదికి మించిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి గానీ, స్వాధీనం అప్పగించి నెలవారీగా నడిచే నోటి కౌలు చెల్లుతుంది. పన్ను ఒక్కటే చాలుతుందా అంటే జడ్జి ఎటైనా తీసుకోవచ్చు, ఆ రిస్క్ మీకు తెలిసే ఉండాలి. కరెంటు బిల్లులు, సందర్శకుల రిజిస్టరు, ప్రదర్శనల ఫొటోలు, పెద్దాయన పంపిన వాట్సాప్ మెసేజీలు అన్నీ పోగుచేయండి. మెసేజీలు ఉన్న ఫోన్ మార్చొద్దు, అమ్మొద్దు. కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియమ్) సెక్షన్ 63 ప్రకారం, ఏ ఫోన్ నుంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జతచేయకపోతే ఆ మెసేజీల ప్రింట్లను సాక్ష్యంగా తీసుకోరు.

ఇప్పుడు ఆ పాత తేదీ లీజు సంగతి. వద్దు. ఆ ఆలోచన మానేయండి, ఆ మనిషిని ఇంటి గడప తొక్కనివ్వకండి. చనిపోయినాయన పేరుతో దొంగ సంతకం పెట్టిస్తే అది విలువైన పత్రం ఫోర్జరీ, కొత్త శిక్షాస్మృతి (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 338 కింద పదేళ్ల దాకా జైలు, లేదా యావజ్జీవ శిక్ష. ఆయన పాత సంతకాలు బ్యాంకులో, పాత దస్తావేజుల్లో ఉంటాయి, పోల్చి చూపించడం వాళ్లకి పెద్ద పనేం కాదు. అది బయటపడ్డ రోజున మీ అసలు రసీదుల్ని కూడా ఎవరూ నమ్మరు. తాళం పగలగొట్టి లోపలికి పోదామన్న ఆలోచనా అంతే, కేసు మీ మీదే పడుతుంది.

ఇంకో తప్పు మీదే. 2019 తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి కార్యవర్గం జాబితా దాఖలు చేయలేదన్నారు, విరాళాలు మీ సొంత ఖాతాలో పడ్డాయన్నారు. సంస్థ డబ్బు సొంత ఖాతాలో పెట్టుకుని సంస్థ పేరుతో దావా వేస్తే, 'మీకు అధికారం ఎవరిచ్చారు?' అనేదే మొదటి ప్రశ్న. కాబట్టి వెంటనే సమావేశం పెట్టండి, దావా వేయడానికి కార్యదర్శికి అధికారం ఇస్తూ తీర్మానం రాయండి, పెండింగు జాబితాలు జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో దాఖలు చేయండి. దావాలో సొసైటీతో పాటు మీ పేరూ వాదిగా ఉంచితే మంచిది.

నన్ను అన్నిటికంటే కలవరపెడుతున్నది లోపలున్న బొమ్మలు. అవి మీవి కావు, కళాకారులు మీకు అప్పగించినవి, చెడిపోతే వాళ్లకి జవాబు చెప్పాల్సింది మీరే. దావాతో పాటే అడ్వకేట్ కమిషనర్‌ని (కోర్టు తరఫున వెళ్లి చూసొచ్చే వకీలుని) వేయమని దరఖాస్తు పెట్టండి, ఆయన వెళ్లి ఏమేం ఉన్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో రాసుకొస్తారు. ఒకవేళ ఇల్లు మీకు రాకపోయినా, మీరు ఉత్త అనుమతిదారులేనని (కౌలు హక్కు లేకుండా, ఉండనిస్తే ఉన్నవాళ్లేనని) కోర్టు తేల్చినా, ఈజ్‌మెంట్స్ యాక్ట్ సెక్షన్ 63 ప్రకారం ఖాళీ చేయడానికి, సామాను తీసుకెళ్లడానికి సహేతుకమైన గడువు అడగొచ్చు. ఎవరి బొమ్మ ఎప్పుడు తీసుకున్నారో జాబితా రాసి, ప్రతి కళాకారుడికీ ఇప్పుడే ఉత్తరం పంపండి. రేపు ఇంకెక్కడైనా చోటు దొరికితే, ఇచ్చేది ఎంత మంచివాళ్లయినా, లీజు రిజిస్టర్ చేయించుకుని, సొసైటీ పేరుతో బ్యాంకు ఖాతా తెరిచాకే తలుపు తీయండి.